ఎంగిలి మంట మీద పాలు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: మండుతున్న మంటను చూసి, మండడం లేదని అనుకున్నాను. నాలుగడుగులు ముందుకు వేసి చూసుంటే తెలిసేది. వేయలేదు. ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని, గుమ్మం దగ్గరే నిలబడి తీర్పు చెప్పేశాను. ఆ తర్వాత గోడ వెనుక ఒక గ్యాస్ సిలిండర్ పెట్టించి, నలుగురి ముందు అబద్ధమాడాను. అప్పటికి నేను ఇంజనీరింగ్ పిల్లలకు పర్యావరణ పాఠం చెప్పే సార్ని.

ఈ మధ్యే కాలేజీల్లో కొలువులకు చేరిన మీలాంటి వాళ్లు చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. మీకు కూడా ఏదో ఒక ఏడాది ఆ సబ్జెక్టు అంటగడతారు కాబట్టి.

మా కాలేజీ కరీంనగర్ నుంచి పెద్దపల్లి పోయే దారిలో, వరి మళ్ల మధ్య ఉండేది. నాది మెకానికల్. బాయిలర్లు, ఇంధనాలు, మంటలు నా లోకం. ఒక ఏడాది మెకానికల్‌లో చేరే పిల్లలు తగ్గిపోయి నాకు పీరియడ్లు చాలకుండా పోయాయి. ప్రిన్సిపాల్ పిలిచి, "ఎన్విరాన్‌మెంట్ తీస్కోండ్రి సార్. దానికి క్రెడిట్లు లేవు, మీకు ఫికర్ లేదు" అన్నారు. పాసైతే చాలు, మార్కులు మొత్తంలో కలవవు. కాబట్టి ఆ గంటలో పిల్లలు డ్రాయింగ్ షీట్లు పూర్తి చేసుకునేవారు, వెనుక బెంచీ వాళ్లు నిద్ర పూర్తి చేసుకునేవారు. నేను పాత నోట్సు పట్టుకుని చదివేవాణ్ణి. చదువుతున్నది ఏమిటో నాకే పట్టేది కాదు.

ఒక రోజు "ఘన వ్యర్థాల నిర్వహణ, రాసుకోండ్రి" అని మొదలుపెట్టాను. మూడో బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. ఆదిలాబాద్ అవతల ఒక పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. మాట తక్కువ. ఆదివారం పొద్దున చర్చికి పోవడానికి తప్ప హాస్టలు గేటు దాటేది కాదు.

"సార్, మన మెస్సెనుక వాసన ఏ యూనిట్ల వస్తది?"

క్లాసు గొల్లుమంది. వెనుక నుంచి మెట్‌పల్లి పిల్లగాడొకడు అందుకున్నాడు. "అది యూనిట్ల రాదే, సాంబార్ల వస్తది!"

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల వేళాకోళం చేయడం లేదని తెలుస్తూనే ఉంది. అందుకే ఎక్కువ మండిందేమో. "గంత సోకుంటె నువ్వే పోయి చూసి రా. నీకు తోడుగ గా సాంబార్ పండితున్ని తీస్కపో. రేపొచ్చి క్లాసుకు చెప్పుండ్రి" అన్నాను. శిక్ష వేశానని నేను అనుకున్నాను. ఆమె పని ఇచ్చాననుకుంది.

మరునాడు ఆ ఇద్దరూ చెరో పక్క పట్టుకుని ఒక పెద్ద బకెట్ మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. అన్నం, సాంబారు, సగం కొరికిన చపాతీలు, పిండిన నిమ్మ చెక్కలు, ఒక్క కాటు పడి ఆగిపోయిన కోడిగుడ్లు.

"రాత్రి ఒక్క వరుస బల్లల మీద మిగిలింది సార్" అంది ఆ అమ్మాయి. "మొత్తం తెద్దామనుకున్నం. మెట్లెక్కలేకపోయినం."

ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీ వాళ్లు తమ తమ గుడ్లను గుర్తుపట్టినట్టు తలలు దించుకున్నారు. నేను వెనక్కి జరిగి జరిగి బోర్డుకు ఆనుకున్నాను. "తియ్యుండ్రి ముందు దాన్ని" అన్నాను.

"ఏడికి తీస్కపోవాలె సార్?"

నిజంగానే అడిగింది. జవాబు ముందు రోజు నేనే నోట్సులో రాయించాను, నాలుగు పాయింట్లుగా. ఆ నాలుగింట్లో ఏదీ ఈ బకెట్‌ను ఎక్కడ దించాలో చెప్పదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఎంగిలి అంటే నాకు చిన్నప్పటి నుంచీ వెగటు. మా ఇంట్లో తిన్న చోటు తుడవందే ఇంకో పని లేదు. మంచి అలవాటే. కానీ తిని లేచి పోయేది మేము, ఎత్తి తుడిచేది మా అమ్మ, తర్వాత నా భార్య. ఎంగిలి ఎత్తిన చేతులు ఎప్పుడూ నావి కావు. ఇన్నేళ్ల తర్వాత అది నా బల్ల మీదికే వచ్చి కూర్చుంది.

సగం ఉక్రోషంతో, సగం సిగ్గుతో, "దీంతోని గ్యాస్ తీయచ్చు. పేడతోని తీస్తరు గద, గట్లనే" అన్నాను. ఆ మాట నోరు జారిందే తప్ప నాకు చేసే ఉద్దేశం లేదు. ఆ అమ్మాయి ఆ సాయంత్రమే బొమ్మ గీసుకుని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

కాగితం మీద నేను మొనగాణ్ణే. బొమ్మ సరిదిద్దాను. పిల్లలు రెండు పాత నీళ్ల ట్యాంకులు సంపాదించారు. పెద్దదాన్ని మెస్ వెనుక గుంత తవ్వి దించారు, చిన్నదాన్ని అందులో బోర్లించారు. లోపల గ్యాస్ పుడితే పైది తేలుతుంది, లేకపోతే కుంగుతుంది. మొదట్లో వేయడానికి పక్క ఊరి పాడి రైతుల దగ్గర పేడ అడిగి తెచ్చారు. దాన్ని ఎక్కించుకున్న ఆటో డ్రైవరు మళ్లీ మా గేటు వైపు రాలేదు. నేను దూరంగా జేబురుమాలు పట్టుకుని "కుడికి జరుపుండ్రి, ఎడమకు జరుపుండ్రి" అనేవాణ్ణి. పిల్లలు నాకు రిమోట్ కంట్రోల్ అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది.

అసలు అడ్డం మెస్సులో ఉంది. వంట మొత్తం చూసుకునే ఆమెది మంథని వైపు. పిల్లలందరికీ పెద్దమ్మ. ఆమె చేతి గరిటెకు ప్రిన్సిపాల్ కూడా జంకేవారు. సంగతి విని నడుము మీద చెయ్యి వేసుకుని నా ముందుకొచ్చింది.

"ఏంది సారూ, ఎంగిలి మంట మీద పాలు పొంగిస్తరా? కొత్తింట్ల పొంగిస్తం, పండుగకు పొంగిస్తం. గసొంటి పాలను గా మురికి మీద పెడ్తరా? పాపం తాకుతది."

"పెద్దమ్మ, పెంట ఏస్తెనే గద వడ్లు పండుతయి" అంది మా అమ్మాయి.

"పెంట పొలంల ఏస్తరు బిడ్డా, పొయ్యిల ఎయ్యరు."

"మరి పిడకలు?" అన్నాడు మెట్‌పల్లి వాడు.

"నువ్వు రెండో గుడ్డు అడగ వస్తవ్ గద రా, అప్పుడు చెప్త పిడకల ముచ్చట."

నేను ఆమెకు నచ్చచెప్పలేదు. లోపల నాదీ అదే మాట. ఆమె పైకి అంది, నేను జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాను, అంతే తేడా.

మొదటి విడత చెడిపోయింది. ట్యాంకు తేలింది కానీ అగ్గిపుల్ల పెడితే పుల్లే ఆరిపోయేది. పిల్లలు ఉత్సాహం కొద్దీ ఉన్నదంతా కుమ్మరించారు, పచ్చడీ నిమ్మ చెక్కలూ సహా. లోపల పులిసిపోయింది. "కొన్ని దినాలు ఏం ఎయ్యకుండ్రి, కడుపు మాడ్చుండ్రి. జర సున్నపు తేట, మళ్ల పేడ నీళ్లు పొయ్యుండ్రి" అని చెప్పాను. ఆ పనిలో నేను చేసిన నిజమైన సాయం అదొక్కటే. తర్వాత ఒక సాయంత్రం పొయ్యి మీద నీలంగా, గుండ్రంగా మంట నిలబడింది. పిల్లలు కేకలు పెట్టారు. ఆ అమ్మాయి మాత్రం పక్కకు పోయి ఫోను చేసుకుంది. ఎవరికని అడిగితే, "మా అవ్వకు సార్. బడిల పిల్లలకు పగటి వంట చేస్తది. కట్టెల పొయ్యి. పొద్దంత కండ్లు ఎర్రగనే ఉంటయి" అంది. ఈ పిల్ల ఇది కట్టింది వాళ్లమ్మ కోసమని, పాసు కోసం కాదని అప్పుడు అర్థమైంది.

అంతలో చైర్మన్ గారు చూడ్డానికి వచ్చారు. "గీ జాగల జనరేటర్ షెడ్డు అనుకున్న గదనయ్యా" అన్నారు నాతో. కాసేపు మంటనూ పిల్లల మొహాలనూ చూసి, "సరే, కాలేజీ చూడ కమిటీ వస్తున్నది. వాళ్లు దీని మీద కాగిన చాయ్ తాగిండ్రనుకో, ఉంచుత. ముక్కు మూసుకున్నరా, గుంతల మట్టి పోయిస్త" అని పోయారు.

ఇక ఆ రోజు.

పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. పొయ్యి ఉన్న చోట ఇంకా రేకు వేయలేదు, మూడు గోడలూ పైన ఆకాశమూ. ఆ అమ్మాయి హాల్లో కమిటీ ముందు మాట్లాడాలి. పోతూ పోతూ నా దగ్గరికి వచ్చి, "సార్, పొయ్యి ముట్టిచ్చిన. పైపుల తేమ ఉంటె పోవాలని సన్నగ పెట్టి వస్తున్న. జర చూస్తుండుండ్రి" అంది.

వెళ్లాను. గుమ్మం దగ్గర ఆగాను. ఎండ నేరుగా పొయ్యి మీద పడుతోంది. మంట లేదు. పక్కన వంటశాలలో గ్రైండర్ మోత, ఏ చప్పుడూ వినబడదు. గుంత వైపు నుంచి వాసన. ఆరిపోయింది, మళ్లీ పులిసిందన్నమాట, అనుకున్నాను. సన్నని నీలి మంట ఎండలో కంటికి కనబడదని పదో తరగతి పిల్లగాడికి తెలుసు. ఏళ్ల తరబడి మంటల పాఠం చెప్పిన నాకు ఆ క్షణాన తెలియలేదు. చెయ్యి చాపితే సెగ తగిలేది. చెయ్యి చాపాలంటే దగ్గరికి పోవాలి.

మెస్ పనివాణ్ణి పిలిచి, "గా నాబు కట్టెయ్, పైపు పీకెయ్. సిలిండర్ తెచ్చి గోడెనుక పెట్టి దీనికి తగిలియ్యి. ఎవ్వలకు చెప్పకు" అన్నాను. పిల్లల మేలు కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. నా పేరు పోకూడదన్నది మిగతా సగం.

కమిటీ వచ్చింది. ముందు చైర్మన్ గారు, వెనుక ప్రిన్సిపాల్, మధ్యలో తల నెరిసిన ఒక పెద్దాయన, ఇంకో ఇద్దరు. చాయ్ పెట్టనని పెద్దమ్మ ముందే తేల్చి చెప్పింది కాబట్టి పనివాడే గిన్నె ఎక్కించాడు. ఆమె వంటశాల గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. మంట గిన్నె చుట్టూ పైకి ఎగబాకింది.

"చూసిండ్రా, ఎంగిలి మెతుకులు ఎట్ల మండుతున్నయో!" అన్నారు చైర్మన్ గారు పొంగిపోతూ.

"ఇదంతా విద్యార్థుల గ్యాసేనా?" అని పెద్దాయన నన్ను అడిగారు.

"అవును సార్" అన్నాను.

అప్పుడే ఆ అమ్మాయి హాల్లో మాట్లాడడం ముగించి, మెట్‌పల్లి వాడితో పరుగున వచ్చింది. మొహం వెలిగిపోతోంది. పొయ్యి చూసింది. వెలుగు ఆగిపోయింది. ఎండలో కూడా కనబడుతున్న పొడుగాటి పసుపు మంట. గిన్నె అడుగు నల్లగా మసి పట్టింది. పేడ గ్యాసు బలం తక్కువ కాబట్టి మా పొయ్యికి రంధ్రం పెద్దది తొలిచాం. అందులోంచి సిలిండర్ గ్యాసు వదిలితే అలాగే మండుతుంది, పొగచూరుతూ, హద్దు లేకుండా. అందరి మధ్యా ఎంత ప్రమాదం పెట్టానో అప్పుడు తట్టింది నాకు.

ఆమె నా వైపు చూసింది. నోరు మూసుకుంటే ఆమె గుంత నిలుస్తుంది. చైర్మన్ గారు ఇచ్చిన మాట అలాంటిది. అందరూ చప్పట్లకు సిద్ధంగా ఉన్నారు.

"సార్, ఇది మా మంట కాదు" అంది.

"ఏమంటున్నవ్ బిడ్డా?" అన్నారు చైర్మన్ గారు.

"మా మంట నీలంగ ఉంటది సార్. గిన్నెకు మసి పట్టది." పైపు వెంబడే గోడ వెనక్కి నడిచింది. సిలిండర్ కట్టేసిన చప్పుడు. పసుపు మంట టక్కున ఆరిపోయింది.

చైర్మన్ గారి మొహం ఎర్రబడింది. ఆయన చూపు తిన్నగా గుమ్మంలోకి పోయింది. "నువ్వే గద మార్పిచ్చింది? ఎంగిలి, ఎంగిలి అని ఒక్కటే లొల్లి చేసినవ్. కాలేజీ ఇజ్జత్ తీస్తవా?"

పెద్దమ్మ కట్టుకున్న చేతులు విప్పేసింది. ఎవరికీ భయపడని మనిషి బిత్తరపోయి చూసింది. పనివాడు తల దించుకున్నాడు. నేను ఊరుకున్నాను. కొన్ని ఊపిరులంత సేపే. కానీ ఆ రోజు చేసిన తప్పుల్లో నన్ను ఇప్పటికీ పొడిచేది అదే. సిలిండర్ భయంతో పెట్టించాను అనుకోవచ్చు. ఆ మౌనానికి పేరు లేదు.

చివరకు అన్నాను. "ఆమె కాదు సార్. నేను పెట్టిచ్చిన. మంట ఆరిందనుకున్న. దగ్గరికి పోయి చూడలే."

పెద్దమ్మ మెల్లగా మెట్టు దిగి నా ముందు నిలబడింది.

"ఎంగిలి మంట వద్దని నేను మీ ముఖమ్మీదనే అన్న సారూ. గోడెనుక యవ్వారం నాకు రాదు. గీ పిల్ల కూడ ముఖమ్మీదనే అన్నది, తన గుంత పోతదని తెలిసి గూడ." ఆ అమ్మాయి వైపు తిరిగింది. "తే బిడ్డా, నీ పైపు పెట్టు. నువ్వు గింత నిజంగ ఉన్నంక, నీ మంటకు మైల ఏడికెల్లి వస్తది?"

మసి పట్టిన గిన్నెను పక్కకు తోసేసింది. లోపలికి పోయి తోమిన ఇత్తడి గిన్నె తెచ్చింది, అందులో పచ్చి పాలు. మెట్‌పల్లి వాడు పైపు మార్చాడు. అమ్మాయి అగ్గిపుల్ల గీసింది. ఏమీ కనబడలేదు. కమిటీ వాళ్లు మెడలు చాచారు. పెద్దమ్మ అరచెయ్యి పొయ్యి మీద చాచి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"అమ్మో, ఉన్నది!"

గిన్నె ఎక్కించింది. మేమంతా ఆ కనబడని మంట చుట్టూ నిలబడ్డాం. అంత నిశ్శబ్దంగా మా కాలేజీలో పరీక్షలు కూడా జరగలేదు. అంచుల దగ్గర చిన్న బుడగలు, మీద మీగడ ముడత. తర్వాత పాలు ఒక్కసారిగా లేచి, గిన్నె దాటి పొర్లి, పొయ్యి మీద చుయ్యిమన్నాయి. మంట ఆరలేదు.

"పొంగినయ్! పెద్దమ్మ, పొంగినయ్!" అని మెట్‌పల్లి వాడు గంతులేశాడు. హాస్టలు కిటికీల్లోంచి ఈలలు. పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పొంగిన పాలలో చాయ్ పత్తి, చక్కెర వేసి, "ఈలలు చాలు గాని గ్లాసులు తేండ్రి" అంది. పెద్దాయన ఒక గ్లాసు తాగి, ఇంకోటి అడిగి తాగారు. "రుచిలో తేడా లేదు" అన్నారు. "ఎందుకుంటది సార్, చాయ్ పత్తి నాది" అంది పెద్దమ్మ. నన్ను ఆయన ఏమీ అనలేదు. పోతూ పోతూ ఆ అమ్మాయితో మాత్రం చెయ్యి కలిపారు.

చైర్మన్ గారు గ్లాసు కింద పెట్టి, "గుంత ఉండనీ. జనరేటర్ ను ఎటన్న పెడ్దం" అన్నారు. తర్వాత తన గదికి పిలిచి నన్ను కడిగిపారేశారు. తగినదే.

మరునాడు క్లాసులో నోట్సు తెరవలేదు. జరిగింది మొదటి నుంచి చివరి దాకా పిల్లలకు చెప్పాను, ఆ మౌనంతో సహా. క్లాసయ్యాక మెస్సుకు పోయి పెద్దమ్మ ముందు చేతులు జోడించబోయాను. ఆమె నా చేతికి బకెట్ ఇచ్చింది. "ముందు గిది మొయ్యి సారూ. దండాలు తర్వాత."

మోశాను. ఆ రోజే కాదు, రిటైరయ్యే దాకా పొద్దున పూట ఆ బకెట్ నాదే. చెయ్యి పెట్టి నిమ్మ చెక్కలు, ప్లాస్టిక్ ముక్కలు ఏరాలి. మూడు వేళ్లతో మొదలుపెట్టాను. కొన్నాళ్లకు మోచెయ్యి దాకా పోయింది. ఇంట్లో నా కంచం నేనే ఎత్తడం మొదలుపెడితే నా భార్య, "కాలేజీల గిది కూడ నేర్పుతరా?" అంది.

తర్వాత క్లాసుకు అసైన్‌మెంట్లు మాన్పించాను. బదులుగా వంతుల వారీగా ఒక్కో జట్టు నాతో బకెట్ మోయాలి, ఏరాలి, పొయ్యాలి. కొందరు తల్లిదండ్రులు కొట్లాటకు వచ్చారు, "ఇంజనీరింగ్‌కు పంపితె ఎంగిలి ఎత్తిస్తరా" అని. పెద్దమ్మే వాళ్లకు సమాధానం చెప్పింది. ఏం చెప్పిందో గాని మళ్లీ రాలేదు.

ఒక పొద్దున ట్యాంకు కుంగిపోయి కనబడింది. మళ్లీ ఏం తప్పు చేశానో అని చుట్టూ తిరిగి వెతికాను. ఆ అమ్మాయి అప్పటికి ఆఖరి సంవత్సరం. వచ్చి చూసి, బకెట్ ఎత్తి చూపించింది. ఒక్క చేత్తోనే ఎత్తింది.

"ఏం పరేషాన్ కాకుండ్రి సార్. మన ప్లాంటుకు రోగం లేదు, ఆకలి! పోరగాళ్లు కంచంల ఏం ఇడుస్తలేరు."

బకెట్ మోసినవాడు అన్నం వదలడం లేదు. ఏ యూనిట్ కిందా రాయించని పాఠం అది, చేతుల్లోంచి ఎక్కింది. ఆ ఖాళీ బకెట్ కంటే పెద్ద ఫలితం నా ఉద్యోగంలో నేను చూడలేదు. ట్యాంకు కడుపు నింపడానికి కూరగాయల తొక్కల కోసం నేను స్కూటర్ మీద కరీంనగర్ మార్కెట్టుకు తిరగాల్సి వచ్చింది. తిరిగాను, ఈల వేసుకుంటూ.

రిటైరైన ఏడు ఆ అమ్మాయి ఫోను చేసింది. ఉద్యోగం చేస్తోంది, సెలవు పెట్టి ఊరికి వస్తోందట. "సార్, మా అవ్వ బడిల ఒకటి కడ్దామా?" అంది. నేను ఆదిలాబాద్ బస్సెక్కాను. పిల్లలూ టీచర్లూ కలిసి గుంత తవ్వారు. పేడ నేను కలిపాను, చేతులతోనే. జేబురుమాలు ఇంట్లో మరిచిపోయి వచ్చానని అక్కడికి చేరాక తెలిసింది.

ముట్టించే రోజు కూడా ఎండే. వాళ్లమ్మ పొయ్యికి దూరంగా, ఎర్రటి కళ్లను కొంగుతో ఒత్తుకుంటూ నిలబడింది. కూతురు అగ్గిపుల్ల గీసింది. పొయ్యి మీద ఏమీ లేనట్టే ఉంది.

"ముట్టలేదా సారూ?" అంది ఆమె దిగులుగా.

నేను ముందుకు పోయి, వంగి, అరచెయ్యి చాపాను. సెగ తగిలింది.

"ఉన్నది చెల్లే" అన్నాను. "గిన్నె పెట్టు."